చిట్టిబొమ్మ యెట్లు పుట్టును?

ఎందుకు?

మీరు సెల్‌ఫోనుతో తీసిన ఫొటోను వెబ్‌సైటులోనికి అప్‌లోడ్ చేసినంతనే, ఆ పెద్ద చిత్రముతోపాటు దాని చిన్న ప్రతిరూపమగు థంబ్‌నెయిల్ కూడ సిద్ధమగుచుండును. అడ్డముగా 4000, నిలువుగా 3000 పిక్సెళ్లు గల చిత్రమున మొత్తము 1,20,00,000 పిక్సెళ్లుండును. అట్టివి 20 ఒకే పేజీలో చూపవలసి వచ్చినచో, కంటికి కనబడునది బొటనవ్రేలంత బొమ్మయే యైనను, డేటా వ్యయమును కాలవిలంబమును పూర్తి చిత్రములకే యగును. 200 × 150 ప్రతిరూపమునకు 30,000 పిక్సెళ్లు చాలును.

ఎలా?

సర్వర్ మొదట జేపెగ్ రూపమున కుదించి దాచిన ఫైలును విప్పి, ప్రతి పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలముల పాళ్లను తెలిసికొనును. పిదప, మిక్కిలి సులభమైన పద్ధతిలో, పెద్ద చిత్రమును అడ్డముగా 20, నిలువుగా 20 పిక్సెళ్లు గల గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలోని 400 పిక్సెళ్ల వర్ణములకు సగటు కట్టి, ఆ సగటునే చిన్న చిత్రమున ఒక్క పిక్సెల్‌గా నిలుపును. అట్లుగాక గడికొక పిక్సెల్‌ను మాత్రము ఏరి తక్కినవానిని విడిచినచో, సన్నగళ్ల చీరమీది గీతలు తెగిపోయి, మూలమున లేని వింత చారలు పొడసూపును. వెడల్పునకును ఎత్తునకును గల 4:3 నిష్పత్తి చెడినచో ముఖములు సాగిపోవును. ఫోనును ఏ వైపునకు త్రిప్పి పట్టితిమో తెలుపు ఎక్సిఫ్ గుర్తును పాటింపకున్నచో బొమ్మ ప్రక్కకు ఒరిగిపోవును.

ఈ శ్రమ యంతయు ఒక్కసారియే. తరువాత వేలమంది చూచినను, సిద్ధముగానున్న ఆ చిన్న ఫైలే పంపబడును. నెట్ వేగము తక్కువగా నున్న ఇంటికిని చిత్రము తడవులేక చేరుటయే దీని పరమప్రయోజనము.