ఓజోన్ చిల్లును పట్టిచ్చిన పాత యంత్రం

ఫ్రిజ్ చల్లబడకపోతే మెకానిక్ వచ్చి గ్యాస్ నింపి వెళ్ళేవాడు. కారిపోయిన పాత గ్యాస్ ఏమైందని మనం ఎన్నడూ అడగలేదు. అది ఆకాశంలో చేస్తున్న నష్టం జోసెఫ్ ఫార్మన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఓపిక వల్ల బయటపడింది.

భూమికి సుమారు 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఓజోన్, ఎండలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది. అవి మితిమీరి తగిలితే చర్మ క్యాన్సర్, కంటి శుక్లాల ముప్పు పెరుగుతుంది. శుక్లాల కష్టం పెద్దలున్న ప్రతి ఇంటికీ తెలిసిందే.

అంటార్కిటికాలోని హేలీ కేంద్రంలో 1950ల నుంచి బ్రిటిష్ వారు ఓజోన్‌ను కొలుస్తున్నారు. వారు వాడిన డాబ్సన్ యంత్రం 1920ల నాటి నమూనా. ఏళ్ళ తరబడి చెప్పుకోదగ్గ మార్పేమీ కనబడలేదు. ఈ కొలతలు ఇంకా ఎందుకన్నవారూ లేకపోలేదు. అలాంటి ప్రశ్న ఎదురైనప్పుడు పని ఆపకుండా కొనసాగించడం ఎంత కష్టమో మాకు అనుభవమే.

1980ల మొదట్లో అక్కడి వసంతకాలంలో, అంటే అక్టోబరులో, అంకెలు బాగా పడిపోయాయి. ఫార్మన్ ముందుగా అనుమానించింది యంత్రాన్నే. మరో యంత్రం తెప్పించి చూశారు, అదే ఫలితం. చాలా దూరాన ఉన్న ఇంకో కేంద్రం లెక్కల్లోనూ తగ్గుదల కనిపించింది. అప్పుడుగాని ఆయన బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్‌లతో కలిసి 1985 మేలో ‘నేచర్’ పత్రికలో ప్రకటించలేదు. అమెరికా ఉపగ్రహానికీ ఆ తక్కువ అంకెలు అందాయి. కాని అవి పొరపాటేమోనని పక్కన ఉంచారు. మళ్ళీ పరిశీలిస్తే చిల్లు ఖండమంతా పరచుకుని ఉంది!

ఇందుకు కారణం కావచ్చునని ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాలలో వాడే క్లోరోఫ్లోరోకార్బన్లను మొలీనా, రోలండ్ 1974లోనే వేలెత్తి చూపారు. ఈ వాయువులు పైకి చేరి, ఎండకు విడిపోయి క్లోరిన్‌ను వదులుతాయి. ఒక్క క్లోరిన్ పరమాణువు వేల ఓజోన్ అణువులను పాడుచేయగలదు. ధ్రువపు శీతాకాలపు మేఘాల మీద ఈ క్లోరిన్ చురుకుదేలుతుంది. వసంతంలో సూర్యుడు కనబడగానే విధ్వంసం మొదలవుతుంది.

రెండేళ్ళు తిరిగాయో లేదో, 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. తరువాత ప్రపంచ దేశాలన్నీ అందులో చేరాయి, భారతదేశం 1992లో చేరింది. ఫార్మన్ 2013లో కన్నుమూశారు. ఆ వాయువులు గాలిలో దశాబ్దాలు నిలుస్తాయి కనుక చిల్లు ఇంకా ప్రతి ఏడూ తెరుచుకుంటూనే ఉంది. అంటార్కిటికా మీది ఓజోన్ 1980 నాటి స్థితికి 2066 ప్రాంతానికి చేరవచ్చని శాస్త్రవేత్తల అంచనా.