వెన్ను దెబ్బ తర్వాత మళ్లీ కొలువులోకి

వెన్నుపాముకు దెబ్బ తగిలిందనగానే చుట్టాలు, తోటి ఉద్యోగులు అడిగే మొదటి మాట 'మళ్లీ నడుస్తాడా?' అని. అడగడం సహజమే. అయితే ఆ మనిషి తిరిగి పనిలో చేరగలడా లేదా అన్నది ఆ జవాబు మీద మనం అనుకున్నంతగా ఆధారపడదు. మూత్రం, చర్మం, ఆఫీసు మరుగుదొడ్డి తలుపు వెడల్పు దాన్ని ఎక్కువగా తేలుస్తాయి. అవి ఎలా తేలుస్తాయో చూద్దాం.

వెన్నుపాము మెదడు నుంచి కిందికి దిగే నరాల కట్ట. పూసల లోపలి గొట్టంలో సాగి, పెద్దవాళ్లలో నడుము మొదటి రెండు పూసల దగ్గర ముగుస్తుంది. పూస విరిగి దాన్ని నొక్కితే ఆ చోటు దాటి ఆజ్ఞలు కిందికి దిగవు, స్పర్శ పైకి రాదు. కాలువకు గండి పడితే ఎగువ పొలాలు తడుస్తాయి, దిగువవి ఎండుతాయి కదా, అలాగన్నమాట. అందుకే డాక్టర్లు ముందు దెబ్బ ఏ మట్టంలో ఉందో చూస్తారు. దెబ్బ తగిలిన చోట కొన్ని నరాలు మిగిలాయా, పూర్తిగా పోయాయా అన్నది తర్వాత చూస్తారు.

ఛాతీ వెనుక పూసల దగ్గర గానీ ఇంకా కింద గానీ తగిలితే పారాప్లీజియా (కాళ్లు, మొండెం కింది భాగం చచ్చుబడటం) వస్తుంది. చేతులకు ఏమీ కాదు. మెడలో తగిలితే టెట్రాప్లీజియా (కాళ్లతోపాటు చేతులూ దెబ్బతినడం). మెడలో ఒక్క మెట్టు తేడా వచ్చినా చేయగల పని మారిపోతుంది. ఆరో మట్టం దాకా నరం పనిచేస్తుంటే మణికట్టు పైకి లేస్తుంది. అది లేచినప్పుడు వేళ్లు వాటంతటవే కొంచెం ముడుచుకుంటాయి. ఆ పాటి పట్టుతో ఫోను ఎత్తవచ్చు, పెన్ను పట్టవచ్చు. ఏడో మట్టం కూడా మిగిలితే మోచేతిని బలంగా చాపగలరు. అంటే చేతుల మీద ఒళ్లు లేపుకుని మంచం మీంచి చక్రాల కుర్చీలోకి ఒకరి సాయం లేకుండా జరగగలరు.

ఇక మూత్రం సంగతి. తిత్తి నిండిందన్న కబురు మెదడుకు చేరదు. నిండిన తిత్తి దానంతటది పూర్తిగా ఖాళీ కాదు. ఒత్తిడి పైకి తన్ని కిడ్నీలను దెబ్బతీస్తుంది. అందుకని 4 నుంచి 6 గంటలకోసారి సన్నని గొట్టం పెట్టి ఖాళీ చేసుకోవాలి. దీనికి ఆపరేషన్ గదిలో పాటించేంత శుద్ధి అక్కర్లేదని, కడుక్కున్న చేతులు, శుభ్రమైన గొట్టం చాలని అమెరికన్ వైద్యుడు జాక్ లాపిడెస్ 1972లో చూపించాడు. ఆసుపత్రి బయట బతుకు సాగించడానికి దారి అక్కడే తెరుచుకుంది. లెక్క చూడండి. ఎనిమిది గంటల డ్యూటీ, రానుపోను రెండు గంటలు. ఆఫీసులో కనీసం ఒకసారి, తరచుగా రెండుసార్లు గొట్టం వాడాలి.

ఎక్కడ? పాత ప్రభుత్వ ఆఫీసుల్లో చాలాచోట్ల మరుగుదొడ్డికి రెండు మెట్లెక్కాలి. తలుపు రెండున్నర అడుగులుంటే గొప్ప, అదీ లోపలికి తెరుచుకుంటుంది. కుర్చీ ఎలాగో దూరినా వెనక తలుపు మూయడానికి జాగా ఉండదు. గొట్టం పెట్టుకోవడానికి శుభ్రమైన గట్టు ఉండదు. దాంతో మనిషి ఏం చేస్తాడు? పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేస్తాడు. నీళ్లు తగ్గితే ఇన్‌ఫెక్షన్, జ్వరం, సెలవులు. మేనేజరు హాజరు పట్టీ చూసి 'ఒంట్లో బాగుండని మనిషి' అనుకుంటాడు. మూలం మాత్రం ఆ తలుపు. తలుపు సందు 90 సెంటీమీటర్లు ఉండాలి. ర్యాంపు అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండాలి. ఆరంగుళాల మెట్టుకైనా ఆరడుగుల ర్యాంపు కావాలి. తనిఖీ కోసం కట్టినవి చాలావరకు ఇంతకంటే నిటారుగా ఉంటాయి.

చర్మం రెండో చిక్కు. ఎక్కువసేపు కూర్చుంటే మనం తెలియకుండానే కదులుతాం. స్పర్శ లేనివాళ్లకు ఆ హెచ్చరిక అందదు. పిరుదుల ఎముకల కింద రక్తం ఆడక చర్మం చచ్చి ప్రెషర్ సోర్ (ఒత్తిడి పుండు) పడుతుంది. అది లోతుగా దిగితే మానేదాకా నెలల తరబడి కూర్చోకూడదు, అంటే ఉద్యోగం ఆగినట్టే. 15 నుంచి 30 నిమిషాలకోసారి ఒళ్లు ఎత్తుకోవడం, మంచి మెత్త వాడటం దీనికి మందు. అలాంటి ఉద్యోగి పని మధ్యలో పక్కకు వాలుతుంటే బద్ధకం అనుకోకూడదు.

పక్క సీట్లోవాళ్లకు తెలియాల్సింది ఇంకొకటుంది. ఛాతీ ఆరో మట్టానికి పైన దెబ్బ తగిలినవాళ్లకు దెబ్బకు దిగువన చెమట సరిగా పట్టదు. మే నెల రామగుండంలోనో రెంటచింతలలోనో వాళ్లకు కూలరు వైద్య అవసరం. లోపలే ఉంచిన మూత్రపు గొట్టం మెలిపడి తిత్తి నిండినా వాళ్ల రక్తపోటు ఒక్కసారిగా ప్రమాదకరంగా పెరుగుతుంది. తల పగిలే నొప్పి, ముఖాన చెమటలు. అప్పుడు పడుకోబెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, గొట్టం సరిచేసి, బిగుతు బట్టలు వదులు చేసి, తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇన్ని ఉన్నా పని సాధ్యమేనా? మనవాళ్లు వైద్యానికి వెళ్లే వెల్లూరు సీఎంసీలోనే జవాబు ఉంది. డాక్టర్ మేరీ వర్గీస్ అక్కడి యువ వైద్యురాలు. 1954లో కారు ప్రమాదంలో కాళ్లు చచ్చుబడ్డాయి. పాల్ బ్రాండ్ అనే సర్జన్ ఆమెను కుష్ఠు రోగుల చేతుల సర్జరీ వైపు నడిపించారు. చేతి సర్జరీ కూర్చుని చేయగల పని. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుని ఆపరేషన్లు చేశారు. తర్వాత న్యూయార్క్‌లో పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి, వెల్లూరులో ఆ విభాగాన్ని నిలబెట్టారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. ఆమె పట్టుదల గురించి అందరూ చెబుతారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది బ్రాండ్ చేసిన పని. ఆమె చేయగలిగే సర్జరీ ఏదో ఆయన వెతికారు.

ఆ వెతికే బాధ్యతను చట్టం ఇప్పుడు యజమాని మీద పెట్టింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20(4) సెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో మరో పోస్టు ఇవ్వాలి. అది లేకపోతే సూపర్‌న్యూమరరీ పోస్టు (మంజూరైన సంఖ్యకు అదనంగా సృష్టించేది) లో ఉంచాలి. కార్పొరేషన్లు, ప్రభుత్వ కంపెనీలు కూడా దీని కిందికే వస్తాయి. సాయుధ బలగాల వంటి కొన్నిటికి నోటిఫికేషన్ ద్వారా మినహాయింపు ఉంది. ప్రైవేటు ఉద్యోగికి ఈ సెక్షన్ వర్తించదు. పని దగ్గర సర్దుబాట్లు కోరే వీలు మాత్రం ఉంది.

ఇక్కడే ఇళ్లలో ఒక ఆలోచన మొదలవుతుంది. సింగరేణిలో మెడికల్ ఇన్‌వాలిడేషన్ (అనారోగ్య కారణంగా విధుల నుంచి తప్పించడం) అయితే వారసుడికి ఉద్యోగం ఇచ్చే పద్ధతి ఉంది. 'నాన్న తప్పుకుంటే అబ్బాయి చేరతాడు' అన్న లెక్కను తప్పు పట్టలేం. కానీ ఆ లెక్క మంచం మీదున్న మనిషిని అడగకుండానే జరిగిపోతుంటుంది. తిరిగి రాగల శక్తి ఎక్కువగా మొదటి ఆరు నెలలు, ఏడాదిలోనే వస్తుంది. ఎంత వస్తుందో తేలకముందే సంతకం పెట్టడం తొందరపాటు. ఇన్‌వాలిడ్ పింఛను ఇచ్చినంత మాత్రాన ఉద్యోగ రక్షణ పోదని సుప్రీంకోర్టు 2003లోనే, దీనికి ముందున్న పాత దివ్యాంగుల చట్టం కింద, ఒక కానిస్టేబుల్ కేసులో చెప్పింది.

తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడికి ఇలా కొలువు కాపాడే ఏ సెక్షనూ లేదు. మోకు, ముస్తాదు కట్టి ఎక్కే ఆ పనికి తిరిగి వెళ్లడం అసాధ్యం. తెలంగాణ ప్రభుత్వం 2024లో ఇవ్వడం మొదలుపెట్టిన కాటమయ్య రక్ష కిట్లు పడకుండా కాపాడేవి. పడ్డాక నెలనెలా చేతికందేది పింఛను. తెలంగాణలో నెలకు 4,016 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 6,000, మంచానికో కుర్చీకో పరిమితమైతే 15,000. అలాంటి ఇంట్లో మొదట అనుకునేది అప్పు తెచ్చి చిన్న కిరాణా కొట్టు పెట్టాలని. ఆలోచన మంచిదే, చెట్లెక్కిన చేతుల బలం ఎలాగూ ఉంది. బల్ల కింద మోకాళ్లు పట్టాలి, సరుకు చేతికందే ఎత్తులో ఉండాలి, కొట్టు ముందు గట్టు ఉండకూడదు. వీటన్నిటికంటే ముందు ఆ అప్పులోంచి కుర్చీకి మంచి మెత్త కొనాలి. అది లేకపోతే మొదటి పుండుకే కొట్టు మూతపడుతుంది, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది.