ఫైల్ అడ్రస్ మారిస్తే ఏమవుతుంది? లైనక్స్‌లో యూఎస్ఆర్ మెర్జ్ కథ

ఫైళ్లను ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి మార్చడంలో ఏముంది, కట్ చేసి పేస్ట్ చేస్తే అయిపోద్ది కదా అంటారా? ఇదే పనిని ఫెడోరా 2012లో ఒక్క వెర్షన్‌లో చేసేసింది. డెబియన్‌లో మాత్రం 2025 దాకా సాగింది. ఎందుకో చూద్దాం.

అసలు రెండు ఫోల్డర్లు ఎందుకు?

పాత యూనిక్స్ రోజుల్లో డిస్కులు చాలా చిన్నవి. మొదటి డిస్క్ నిండితే మిగతా ప్రోగ్రామ్‌లను రెండో డిస్క్‌లో పెట్టారు. అలా 'బిన్' ఒకటి, 'యూఎస్ఆర్ బిన్' ఇంకోటి వచ్చాయి. ఇప్పుడు ఆ అవసరం లేదు. అందుకే అన్నీ యూఎస్ఆర్‌లోకి చేర్చి, పాత బిన్ ప్లేస్‌లో సిమ్‌లింక్ పెట్టారు. అంటే పాత అడ్రస్‌కి వెళ్లినా కొత్త చోటికే చేరతాం.

లాభం ఏంటి? ఒక డిస్ట్రోలో రాసిన స్క్రిప్ట్ ఇంకో డిస్ట్రోలోనూ నడుస్తది. సిస్టమ్ ప్రోగ్రామ్‌లన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంటే స్నాప్‌షాట్ తీయడం, రీడ్ ఓన్లీ చేయడం ఈజీ.

మరి చిక్కు ఎక్కడ?

మా పోతిరెడ్డిపల్లినే తీసుకోండి. 2016 అక్టోబర్ 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడింది. అంతకుముందు మాది మెదక్ జిల్లా. ఇల్లు కదల్లేదు, గల్లీ మారలేదు. పాత కాగితంలో మెదక్, కొత్త కాగితంలో సంగారెడ్డి. మనిషికి రెండూ ఒకే ఇల్లని తెలుసు. అక్షరాలు మాత్రమే పోల్చే సాఫ్ట్‌వేర్‌కి అవి రెండు అడ్రస్‌లు.

డెబియన్‌లో ప్యాకేజీలు ఎక్కించే, తీసేసే డీపీకేజీకి ఇదే సమస్య. ఏ ఫైల్ ఏ ప్యాకేజీదో రాసుకునే రిజిస్టర్ దాని దగ్గర ఉంటది. సిమ్‌లింక్ వల్ల రెండు అడ్రస్‌లు ఒకటే అయ్యాయని ఆ రిజిస్టర్‌కి తెలియదు.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఒక ఫైల్ 'ఏ' ప్యాకేజీలో, బిన్ అడ్రస్‌తో ఉంది. కొత్త వెర్షన్‌లో దాన్ని 'బీ' ప్యాకేజీకి ఇచ్చి, అడ్రస్ కూడా యూఎస్ఆర్ బిన్‌కి మార్చారు. ముందు 'బీ' ఎక్కింది, ఫైల్ వచ్చింది. తర్వాత 'ఏ' అప్‌డేట్ అయింది. "పాత బిన్ ఫైల్ ఇక అక్కర్లేదు" అని డీపీకేజీ దాన్ని డిలీట్ చేసింది. కానీ అది 'బీ' తెచ్చిన ఫైలే! ఎర్రర్ రాదు, ఫైల్ మాత్రం మాయం. అది బూట్‌కి కావాల్సిన ఫైల్ అయితే సిస్టమ్ లేవదు.

అందుకే 2021లో డెబియన్ టెక్నికల్ కమిటీ, ప్యాకేజీల లోపల ఫైళ్లను అప్పుడే కదిలించొద్దంది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో కొత్త లేఅవుట్ తప్పనిసరి అయింది. రిజిస్టర్‌లో పాత అడ్రస్‌లు సరిచేసే పని 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కి ఒక కొలిక్కి వచ్చింది.

మీ ఫోన్‌లోనూ ఉంది

టెర్మక్స్ వాడేవాళ్లకి తెలుసు. దాంట్లోనూ డీపీకేజీయే ఉంటది. కానీ ఆండ్రాయిడ్ సిస్టమ్ ఫోల్డర్లలో రాయనివ్వదు కాబట్టి, యూఎస్ఆర్ మొత్తం యాప్ ఫోల్డర్ లోపలే ఉంటది. మామూలు డెబియన్ ప్యాకేజీ అక్కడ నేరుగా నడవకపోవడానికి ఈ అడ్రస్ తేడా కూడా ఒక కారణం.

మీరు ప్యాకేజీ కడుతుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఫైల్ అడ్రస్, ఓనర్ ప్యాకేజీ, రెండూ ఒకే అప్‌డేట్‌లో మార్చొద్దు. కొత్తగా ఇన్‌స్టాల్ చేసి చూస్తే సరిపోదు, పాత వెర్షన్ మీద అప్‌గ్రేడ్ చేసి చూడండి. బగ్ దొరికేది అక్కడే.

డౌట్లుంటే కామెంట్ పెట్టండి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.