ఎల్ల దాటు తుపాకి

పెద్దముడియపు రైతు లైసెన్సుగల తుపాకితో బళ్లారికేగినచో, 1953కు పూర్వము రాష్ట్రము దాటినవాడు కాడు, రెండును చెన్నరాజధానిలోనివే. ఆ యేట అక్టోబరు 1వ తేదీన కడప ఆంధ్రరాష్ట్రమునకును, బళ్లారి మైసూరునకును చెందెను. దారి మారలేదు, నడుమ ఎల్ల వెలసినది.

తుపాకి లైసెన్సుపై నది చెల్లు ప్రదేశము వ్రాయబడియుండును. స్వరాష్ట్రమునకు మాత్రమే చెల్లు కాగితముతో ఎల్ల దాటినవాడు, గుండు పేల్చకున్నను, దోషియే. లైసెన్సున్నదిగదా యను ధీమాయే యిట కొంప ముంచునది. ప్రయాణమునకు ముందే, లైసెన్సు నిచ్చిన యధికారికి దరఖాస్తు పెట్టి ఆ పరిధిని పెంపించుకొనవలెను.

1878 నాటి ఆయుధశాసనము క్రింద తెల్లవారికి చాలకాలము మినహాయింపు, మనకు లైసెన్సు. 1931లో కరాచీ కాంగ్రెసు, నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కును పౌరులందరికిని కోరెను. స్వతంత్రభారతపు 1959 శాసనమును లైసెన్సును విడువలేదు. కక్షలకు పేరుమోసిన మన సీమలో విడువరాదనియే మా యభిప్రాయము. అయినను, చట్టము ననుసరించి అనుమతి కోరవచ్చిన రైతును కచేరీ గుమ్మములచుట్టు త్రిప్పుటను మేము సమర్థింపజాలము.