30 కౌంట్ తెలిసినోడికి 1/30 ఎందుకు రాదు?

మీ ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఈ ఏడాది ఆరో తరగతికి వచ్చారా? అయితే ఒక కాగితం మీద 1/30, 1/100 అని రాసి, ఏది పెద్దదో అడగండి. 1/100 అని చెబితే కంగారు పడొద్దు. వంద పెద్దది కాబట్టి అదే పెద్దదనుకోవడం ఆ వయసులో మామూలే. ఇప్పుడు కాగితం పక్కన పెట్టేసి ఇంకో ప్రశ్న వేయండి. 30 కౌంట్ రొయ్య పెద్దదా, 100 కౌంట్ రొయ్య పెద్దదా?

మైపాడు, ముత్తుకూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గర పెరిగిన పిల్లోడైతే, ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తాడు. కిలోకి 30 తూగితే 30 కౌంట్, 100 తూగితే 100 కౌంట్. అంటే 100 కౌంట్ రొయ్య ఒక్కోటి 10 గ్రాములు. 30 కౌంట్‌దైతే 33 గ్రాముల పైమాటే. కౌంట్ తగ్గేకొద్దీ కిలో రేటు పెరుగుతుంది. భిన్నాల పోలిక, విలోమానుపాతం రెండూ వాడి నోట్లోనే ఉన్నాయి. నోటుబుక్కులోకి మాత్రం రావు.

ఇది మన జిల్లా పిల్లల సమస్యే అనుకోకండి. నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లల్ని పరీక్షించి, ఆ ఫలితాల్ని 2025లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించింది. కూరగాయల బేరంలో రెండు మూడు మెట్ల లెక్కను మనసులోనే తేల్చేసే పిల్లలు, అంతకన్నా తేలికైన లెక్క పుస్తకం పద్ధతిలో ఇస్తే ఆగిపోయారు. బడికి మాత్రమే వెళ్లే పిల్లలది ఇంకో తిప్పలు. కాగితం మీద చేస్తారు, అంగట్లో తడబడతారు. ఒకవైపు వచ్చింది రెండోవైపు దానంతటదే చేరదని తేలింది. ఎవరో ఒకరు దగ్గర కూర్చుని చేర్చాలి.

ఆ చేర్పు ఎక్కువగా అవసరమయ్యేది ఆరో తరగతిలోనే. చాలామంది పిల్లలకు అప్పటిదాకా ఊళ్లో ప్రైమరీ బడి, అన్నీ చెప్పే ఒకరిద్దరు టీచర్లు. జూన్‌లో ఒక్కసారిగా ఆటోలోనో బస్సులోనో పక్క ఊరి జిల్లా పరిషత్ హైస్కూలుకి ప్రయాణం. సబ్జెక్టుకో సారు, గంటకో పీరియడు, పదో తరగతి అన్నలతో కలిసి ఒకే ప్రాంగణం. సరిగ్గా అప్పుడే లెక్కల పుస్తకంలో సున్నాకి ఎడమవైపు రుణ సంఖ్యలు వస్తాయి, అంకెల పక్కన ఎక్స్ వస్తుంది. నిన్నటి గసాభా ఇవాళ హెచ్‌సీఎఫ్ అవుతుంది. 2020 నుంచి ప్రభుత్వ బడుల పుస్తకాల్లో తెలుగు, ఇంగ్లిష్ పక్కపక్కనే అచ్చవుతున్నాయి. అది మంచి పనే. కానీ పరీక్షలో ఏ మాటకి ఏది అర్థమో వెతుక్కునే తీరిక పిల్లలకుండదు.

కింది మెట్టు గట్టిగా ఉంటే ఇదంతా సర్దుకునేదే. ఉందా? అసర్ 2024 సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో ఐదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగింది 30.7 శాతం. ఎనిమిదో తరగతికి వచ్చినా 45.8 శాతమే. భాగహారం రానోడికి భిన్నాలు, భిన్నాలు రానోడికి నిష్పత్తి... ఇక చెప్పేదేముంది!

లెక్కల ట్యూషన్ నెల్లూరుకి కొత్త కాదు. నారాయణ సంస్థలు 1979లో ఇక్కడే ఒక చిన్న మ్యాథ్స్ కోచింగ్ సెంటర్‌గా మొదలయ్యాయి. అయితే నాలుగో తరగతి లెక్క దగ్గర ఆగిపోయిన పిల్లోడికి సాయంత్రం కూడా ఆరో తరగతి లెక్కలే చెబితే ఉపయోగం తక్కువ. ఢిల్లీ మిడిల్ స్కూల్ పిల్లల మీద కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలహాండ్రో గనిమియన్ చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. అందులో ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. ప్రతి ఒక్కరికీ వాళ్లున్న చోటు నుంచే పాఠం మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్‌తో నాలుగున్నర నెలలు చదివించారు. లెక్కల్లో స్పష్టంగా మెరుగుపడ్డారు. నేను టెక్ మనిషినే గానీ, ఇక్కడ మార్కులు యాప్‌కి వేయను. ఎక్కడ మొదలుపెట్టారన్నదే అసలు విషయం. అది ఓపికున్న అక్కో అన్నో కూడా చేయొచ్చు.

ఇంకోటి, భయం. లెక్కల పీరియడ్ ఉన్నరోజే కడుపునొప్పి వస్తుంటే నాటకం అని కొట్టిపారేయకండి. 2012 పీసా పరీక్షలు రాసిన 15 ఏళ్ల పిల్లల్లో 59 శాతం మంది లెక్కల క్లాసు కష్టంగా ఉంటుందేమోనని తరచూ దిగులుపడతామన్నారు. 33 శాతం మంది లెక్కల హోంవర్కు అంటేనే బిగుసుకుపోతామన్నారు. దిగులు వచ్చిందంటే, మనసులో అంకెలు పట్టుకోవాల్సిన చోటంతా అదే ఆక్రమిస్తుంది. వచ్చిన ఎక్కం కూడా అప్పుడు గుర్తురాదు. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు హోంవర్కులో తరచూ సాయం చేస్తే పిల్లలు ఇంకా తక్కువ నేర్చుకున్నారని, వాళ్లకీ ఆ భయం పెరిగిందని 2015లో అమెరికాలో చిన్న తరగతుల పిల్లల మీద చేసిన అధ్యయనంలో తేలింది. ‘మా ఇంట్లో ఎవరికీ లెక్కలు రావబ్బా’ అనే మాట మన ఇళ్లలో ఎంత తేలిగ్గా అనేస్తామో గుర్తుచేసుకోండి.

మరి మీరేం చేయాలి? ముందు వాడు ఏ మెట్టు మీద ఉన్నాడో చూడండి. అప్పు తెచ్చుకునే తీసివేతలు రెండు, గుణకారాలు రెండు, మూడంకెల భాగహారాలు రెండు, తర్వాత భిన్నాలు. ఎక్కడ పెన్ను ఆగిందో అక్కడే మొదలు. రోజుకి ఇరవై నిమిషాలు చాలు. ఫోన్‌లో టైమర్ మాత్రం పెట్టొద్దు. మేనత్త కొడుకు మార్కులతో పోల్చొద్దు.

కౌంట్ లెక్కని నోట్లోంచి నోటుబుక్కులోకి దించేటప్పుడు తొందరపడకండి. మొదట మాటల్లో చెప్పించండి: కిలోకి 30 రొయ్యలు. తర్వాత 1000ని 30తో భాగిస్తే ఒక్కోటి ఎన్ని గ్రాములో వాడి చేతే చేయించండి. మూడోది, ఒక్క రొయ్య కిలోలో ముప్పయ్యో వంతు కాబట్టి దాన్ని 1/30 అని రాయిస్తారు. పక్కనే 1/100 రాసి ఏది పెద్దదో మళ్లీ అడగండి. గుంటలు తెలియని టౌను పిల్లలకైతే కారం దోశ ఉంది. ఒక దోశని ముగ్గురు పంచుకుంటే ముక్క పెద్దదా, నలుగురు పంచుకుంటేనా?

ఇందులో మీకూ పనికొచ్చేది ఉంది. బ్యాంకు పరీక్షల క్వాంట్, క్యాంపస్ ప్లేస్‌మెంట్ల ఆప్టిట్యూడ్ రౌండ్, గ్రూప్-2 మెంటల్ ఎబిలిటీ ఒకసారి తిరగేయండి. శాతాలు, నిష్పత్తి, సగటు, కాలం-పని... చాలావరకు ఆరేడు తరగతుల్లో మొదలైనవే. ఇంజినీరింగ్‌లో ఇంటెగ్రేషన్ చేసినవాళ్లు కూడా ఇక్కడ ఆగిపోతుంటారు, ఎందుకంటే షార్ట్‌కట్ ఫార్ములా గుర్తుంటుంది, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఉండదు. పదకొండేళ్ల పిల్లోడు ‘ఎందుకు?’ అని అడిగితే షార్ట్‌కట్ చెప్పి తప్పించుకోలేరు. డీఎస్సీకి చదువుతున్నవాళ్లకైతే ఇంతకన్నా మంచి ప్రాక్టీస్ దొరకదు. వాడికి చెప్పే ఆ ఇరవై నిమిషాలూ మీ మోడల్ పేపరు కూడా పక్కనే పెట్టుకోండి.