జన్యుపటం అందరిదీ

ఒకే జబ్బుకు ఒకే మాత్ర వేసుకున్నా ఒకరికి నయమవుతుంది, మరొకరికి వికటిస్తుంది. ఎందుకని? కారణాల్లో ఒకటి మన జన్యువుల్లోనే ఉంది. మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్‌నే తీసుకుందాం. జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్నవారిలో ఆ మందు ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది.

మానవ డి.ఎన్.ఎ.లో సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. ఏ ఇద్దరిని పోల్చినా దాదాపు 99.9 శాతం ఒకటే. మిగిలిన తేడాల్లో అత్యధికం ఒక్కొక్క అక్షరం మార్పులు. వీటిని 'స్నిప్'లు అంటారు. ఏ తేడా ఉన్నవారికి ఏ మందు పడదో కనిపెట్టాలంటే, ముందు ఆ తేడాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే పటం కావాలి.

1990లలో కొన్ని సంస్థలు ఇటువంటి సమాచారాన్ని పేటెంట్లతో, చందాలతో తాళం వేసి ఉంచాయి. ఆ పరిస్థితిలో 1999 ఏప్రిల్‌లో ఫైజర్, నోవార్టిస్, బేయర్ వంటి 10 మందుల కంపెనీలు, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు కలిసి 'స్నిప్ కన్సార్షియం' స్థాపించాయి. రెండేళ్లలో 3 లక్షల స్నిప్‌లు గుర్తించాలన్నది లక్ష్యం. 2001 ఫిబ్రవరిలో మానవ జన్యు ప్రాజెక్టుతో కలిసి ప్రకటించిన పటంలో 14 లక్షలకు పైగా ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

ఇది దానధర్మమా? కాదు. ఒక్కొక్క స్నిప్‌కూ ఎవరికో రుసుము కడుతూ పోతే తమ పరిశోధనే సాగదని ఆ కంపెనీలకు తెలుసు. రోడ్డు అందరిదే అయినా బస్సుకు టికెట్టు ఉన్నట్లే, పటం ఉచితమైనా దాని ఆధారంగా చేసిన మందుకు పేటెంటు, ధర ఉంటాయి. ఈ తేడా మనం మరువరాదు.

మరి ఆ పటాల్లో మనమున్నామా? 2015లో ముగిసిన 'వెయ్యి జీనోముల' ప్రాజెక్టులో 26 జనసమూహాలకు చెందిన 2,504 మంది వివరాలున్నాయి. వారిలో బ్రిటన్‌లో నివసించే తెలుగువారు 102 మంది. సంతోషమే. కానీ మన వాడలు, తండాలు, గూడేలు అందులో ఎంతవరకు ఉన్నట్లు? తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే సమూహాల్లో కొన్ని అరుదైన జన్యువ్యాధులు ఎక్కువగా ఉండే అవకాశముందని హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 నాటి అధ్యయనం తెలిపింది. పటంలో లేనివారి జబ్బు పరిశోధకుల కంట పడదు.

మన రక్తనమూనా ఇచ్చేముందు అది దేనికో అడిగి తెలుసుకునే హక్కు, పేరు గోప్యంగా ఉంచమనే హక్కు మనకున్నాయి. ఇక ఈ సమాచారం చదవడానికి సొంత ప్రయోగశాల అక్కరలేదు. కంప్యూటరు, ఇంటర్నెట్, పట్టుదల చాలు. బై.పి.సి. చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆ తలుపు తెరిచే ఉంది. మన హాస్టళ్ల నుంచి కూడా పరిశోధకులు రావాలని మేము కోరుకుంటున్నాము.