గంటకు ఎంత మిగిలింది?

ఐదు వందలకు జాకెట్టు కుట్టిచ్చిన మనిషి సంపాదన ఐదు వందలు కాదు. ఇంట్లో మిషను పెట్టుకుని నాలుగు ఇళ్ళవాళ్ళకు కుట్టిపెట్టే ఆడవాళ్ళలో చాలామంది ఈ లెక్క వేసుకోరు. వేసుకున్నవాళ్ళు ధర చెప్పే తీరే వేరుగా ఉంటుంది. చేతిలో పని ఉన్న ఎవరికైనా పనికొచ్చే లెక్క కాబట్టి కుట్టుపని మీదే పెట్టి చూద్దాం. ధరలు ఊరికో రకంగా ఉంటాయి. ఇక్కడివి నమూనా అంకెలే, వాటి స్థానంలో మీవి వేసుకోండి.

లైనింగు జాకెట్టు, కుట్టుకూలి 500. లైనింగు బట్ట 80, దారం, హుక్కులు, కాన్వాసు కలిపి 25, కరెంటు, మిషను మరమ్మతు 15 వేసుకుందాం. 120 పోగా మిగిలేది 380. ఇక సమయం. కటింగుకు అరగంట, మిషను మీద 100 నిమిషాలు, హెమ్మింగు, హుక్కులు, కాజాలకు 40. ఆది జాకెట్టు తీసుకుని మెడ ఎంత లోతు, చేతులు ఎంత పొడుగు అని మాట్లాడటానికి, తయారయ్యాక వేసి చూపించడానికి మరో 30. చంక దగ్గర పట్టేసిందని వెనక్కి వస్తే విప్పి కుట్టడానికి సగటున 20. మొత్తం 220 నిమిషాలు. అంటే గంటకు సుమారు 103 రూపాయలు.

ఈ అంకె మంచిదా కాదా? 2025-26లో ఉపాధి హామీ దినకూలీ ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 307 రూపాయలు. ఎనిమిది గంటలకు పంచితే గంటకు 38. దానికి 103 రెండున్నర రెట్ల పైమాటే. కానీ పక్కింటివాళ్ళు, ఏం అడుగుతాం అని మొహమాటపడి అదే జాకెట్టు 250కి కుట్టారనుకోండి. ఖర్చులు పోగా మిగిలేది 130, గంటకు 35. ఏళ్ళ తరబడి నేర్చుకున్న పని కూలి రేటు కన్నా కిందికి దిగిపోయింది. బేరం సంగతీ ఇంతే. 500లో 50 తగ్గించడమంటే పదో వంతేగా అనిపిస్తుంది. లైనింగు అమ్మినవాడు ఏమీ తగ్గించడు కాబట్టి ఆ యాభై మొత్తం మీ 380లోంచే పోతుంది. పోయింది 13 శాతం.

ఇప్పుడు మగ్గం వర్కు. పెళ్ళి జాకెట్టుకు 4,000 అంటే పెద్ద ఆర్డరే. జర్దోసి, పూసలు, కుందన్లు, దారాలకు 900 తీసేస్తే 3,100 మిగిలింది. మగ్గానికి బట్ట బిగించిన దగ్గర్నుంచి చివరి ముడి దాకా 38 గంటలు పట్టిందంటే గంటకు 82 కూడా రాలేదు. ఫాల్, పీకో చూడండి. 100 తీసుకుని, ఫాల్‌కూ దారానికీ 30 పోయి, 45 నిమిషాల్లో ముగిస్తే గంటకు 93. ఎవరూ గొప్పగా చెప్పుకోని చిన్న పని పెద్ద ఆర్డరును దాటేసింది, పైగా ఆల్టరేషను గొడవ లేదు. మగ్గం వర్కు మానేయమని కాదు, 4,000 అనే మాటకు మురిసిపోయే ముందు 38 గంటలు గుర్తుంచుకోమని. ఈ లెక్కలో గంటకు జాకెట్టంత రావాలన్నా దానికి 4,800 పైన అడగాలి.

అదే చేతిపనిని నేర్పిస్తే లెక్క పూర్తిగా మారుతుంది. ఐదుగురికి నెల రోజుల మగ్గం బ్యాచి, మనిషికి 2,500. 12,500లో సామానుకు 1,500 పోతే 11,000. గంటన్నర చొప్పున 20 క్లాసులు, అంటే 30 గంటలు. ముందు రోజు డిజైను గీసుకోవడానికి ఇంకో 10. గంటకు 275. నేర్చుకున్నవాళ్ళు రేపు మనకే పోటీ అవుతారని చాలామంది వెనకాడతారు. ఆ భయం అర్థమవుతుంది, కానీ మూడు రెట్ల ఆదాయాన్ని వదులుకునేంత కారణం అది కాదని నా నమ్మకం.

అసలు కొరత సమయం. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే 15–59 ఏళ్ళ ఆడవాళ్ళకు జీతం లేని ఆ పనికే రోజుకు సగటున 305 నిమిషాలు పోతున్నాయి. ఐదు గంటల పైన. అది పోగా రోజుకు రెండున్నర గంటలు దొరికి, నెలలో 24 రోజులు కుదిరితే మిగిలేది 60 గంటలే. ఆ అరవైలో మగ్గం వర్కు ఒక్కటే చేస్తే నెలకు 4,900, జాకెట్లయితే 6,200 దాకా. 40 గంటలు నేర్పి, 20 గంటలు జాకెట్లు కుడితే 13,000. మనిషి అదే, నైపుణ్యం అదే. ఇంట్లో మగవాళ్ళు రోజూ ఒక గంట వంటింటి పని పంచుకుంటే ఆ 60 కాస్తా 84 అవుతుంది. అదనపు ఆదాయం గురించి మాట్లాడేవాళ్ళు ఈ సంగతి దాటేసిపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇంకోటి సీజను. ఆషాఢం తగ్గింపులో కొన్న చీరలన్నీ శ్రావణం వచ్చేసరికి జాకెట్ల కోసం గుమ్మంలో ఉంటాయి, అందరికీ వరలక్ష్మీ వ్రతంనాటికే కావాలి. అర్జెంటుకు అదనంగా తీసుకోవడం తప్పు కాదు. అమ్మేది నిద్ర.

పవర్ మిషను కొనాలంటే వడ్డీ కూడా గంటల్లోనే చూడాలి. 25,000 రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 500 వడ్డీకే పోతుంది, అంటే దాదాపు ఐదు గంటల కుట్టు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలోని 18 వృత్తుల్లో దర్జీపని ఉంది. అందులో మొదటి విడత అప్పు లక్ష వరకు, వడ్డీ ఏడాదికి 5 శాతం. అదే 25,000కు మొదటి నెల వడ్డీ 104, ఒక గంట పని. శిక్షణలో రోజుకు 500 భృతి, పనిముట్లకు 15,000 విలువైన వోచరు ఇస్తారు. కుటుంబానికి ఒక్కరికే అవకాశం, ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకు వర్తించదు. చిన్న వ్యాపారంగా నమోదు కావాలంటే ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితం. దానికి డబ్బడిగే మధ్యవర్తికి ఒక్క రూపాయీ ఇవ్వకండి.